బొడ్రాయి ముట్టి చెప్పిన మాట

నర్సు చదువు పూర్తిచేసి కొత్తగా కొలువులో చేరే ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. నాలుగని పిలిచి నలభై వింటారు, అది నా తప్పు కాదు. పోయినసారి ఒక పిల్ల లేచి, పసిగుడ్డుకు "నాభి" దగ్గర చీము పడితే ఏం చేయాలని అడిగింది. నాభి విష్ణుమూర్తికి ఉంటుంది బిడ్డా, మన దవాఖానకు వచ్చేవాళ్లకు ఉండేది బొడ్డు అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది గానీ, బొడ్డు అనే మాట మాత్రం చివరిదాకా దాని నోట రాలేదు.

సిగ్గెందుకో నాకు అర్థం కాదు. ముప్పై ఏళ్లు నేను తిన్న అన్నం ఆ మాట మీదే. ఆ రోజు వాళ్లకు చీము సంగతి చెప్పి వచ్చేశాను. చెప్పకుండా దాచుకున్నది ఇంకొకటి ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను పండితురాలిని కాను. భువనగిరిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చునే ఇంట్లో పుట్టాను. ఒకసారి కడుపునొప్పితో వచ్చిన తెలుగు పంతులొకాయన, నొప్పి తగ్గిన సంతోషంలో, నాకీ మాట పుట్టుక చెప్పాడు. పాత పుస్తకాల్లో దీన్ని పొక్కిలి అనేవారట. బొడ్డు, బొడిపె ఒక ఇంటి మాటలేనట. ఉబ్బెత్తుగా పొడుచుకొని ఉన్నదాన్నే మొదట అట్లా అని ఉంటారట. పుట్టిన పిల్లల్ని రోజూ చూసేదాన్ని, నాకది సరిగ్గానే తోచింది. మన ఆడపిల్లలు మట్టితో అంతస్తులుగా చేసి చుట్టూ ఆడే బొడ్డెమ్మలో ఉన్నదీ ఈ మాటేనా అని అడిగాను. అవుననేవాళ్లున్నారు, కాదనేవాళ్లున్నారు అని తప్పించుకున్నాడు.

మాట పుట్టుక పంతులు చెప్పాడు. దాని అర్థం అంతకు చాలా ముందే, సంతకం కూడా రాని ఒక ముసలామె నాకు చెప్పింది. అర్థమైందనుకున్నాను. అర్థమై ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

పోలీసు చర్య జరిగి నిజాం కొలువు పోయిన మరుసటి ఏడు నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. నల్లగొండ జిల్లాలో, కేతేపల్లి దిక్కు ఒక ఊరు. కిరాయికి తీసుకున్న ఒక్క గది దవాఖాన, తాలూకా నుంచి వారానికొకసారి వచ్చే డాక్టరు, నేను. రజాకార్ల పీడ పోయిందని జనం ఊపిరి పీల్చుకునేలోపే ఊళ్ల పక్కన పోలీసు క్యాంపులు వెలిశాయి. దొరల భూములు పంచిన సంఘం వాళ్లు అప్పటికింకా ఆయుధాలు దించలేదు. ఎన్నో ఇళ్లల్లో మగవాళ్లు దళాల్లో చేరి అడవి పట్టారు. వాళ్ల జాడ చెప్పమని ఇంట్లో ఉన్న ఆడవాళ్లను క్యాంపుకు తీసుకుపోయేవారు. పోయి వచ్చినవాళ్లు అక్కడ ఏం జరిగిందో చెప్పేవాళ్లు కాదు, అడిగే ధైర్యం మాకూ ఉండేది కాదు.

ఊళ్లో నాకంటే ముందునుంచే ఒక మంత్రసాని ఉంది. అందరికీ ఆమె అవ్వే, నాకూ అవ్వే. ఊళ్లో సగంమంది బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. జొన్నదంటు బెరడు కత్తిలా చీల్చి దాంతో కోసేది, కోసినచోట బూడిద అద్దేది. నేను హైదరాబాదులో నేర్చుకొచ్చిన చదువంతా ఆ బూడిద మీదికే యుద్ధానికి పోయింది. మొదటి కాన్పులో నేను కత్తెరను, దారాన్ని నీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే ఆమె ముక్కున వేలేసుకుంది.

"కత్తెర ఉడికితే కూరైతదా బిడ్డా?" అంది.

అంది గానీ, ఆ నెల పుట్టిన పిల్లలకు ధనుర్వాతం రాకపోవడం చూసి నాకంటే ముందే నీళ్లు మరగబెట్టడం మొదలుపెట్టింది. నాకైతే ఆమె దగ్గర నేర్చుకోవడానికి అంత బుద్ధి ఉండలేదు.

ఒకరోజు ఇద్దరం కాన్పు చేసి వస్తూ ఊరి నడుమ బొడ్రాయి దగ్గర ఆగాం. మోకాలెత్తు రాయి, పసుపు పూసి కుంకుమ పెట్టి ఉంటుంది. ఊరు కట్టినప్పుడు మొదట నిలబెట్టింది దాన్నేనట. దానికి ఆ పేరెందుకని అడిగాను.

"తల్లి కడుపుల ఉన్నన్ని రోజులు మనకు తిండి యాడికెల్లి వస్తది? బొడ్డుకెల్లే గదా. ఊరు గూడ గంతే. భూదేవి కడుపుల ఉన్నది ఊరు. గీడికెల్లే దానికి తిండి. మనిషి బొడ్డయితే కోస్తం, ఊరి బొడ్డు కొయ్యం. గంతే తేడా."

"అందుకేనా దీన్ని ముట్టి ఒట్టేస్తారు?"

"దీన్ని ముట్టి అబద్ధమాడరు. తల్లి కడుపుల ఉండి తల్లితోని అబద్ధమాడుతరా ఎవలన్నా?"

బాగుందవ్వా అన్నాను. కథ విన్నట్టు విన్నాను.

ఇక నా పుస్తకం సంగతి. గర్భిణుల రిజిస్టరు అది. పేరు, ఇల్లు, ఎన్నో నెల, భర్త పేరు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదని డాక్టరు ఆజ్ఞ. అప్పటికి మా రాతకోతలన్నీ ఉర్దూలోనే. నా రాత బాగుంటుందని శిక్షణలో అందరూ అనేవారు, అది నాకు తలకెక్కింది. గీతలు కొట్టి, రంగు సిరాతో శీర్షికలు పెట్టి, ఇల్లిల్లూ తిరిగి నింపేదాన్ని. అవ్వకు ఆ పుస్తకమంటే గిట్టేది కాదు. కడుపుల ఉన్న పిల్లను కాయితం మీదికెందుకు తెస్తున్నవు అనేది. నీకు చదువు రాదు కాబట్టి అట్లా అంటున్నావవ్వా అని ఒకసారి అననే అన్నాను.

ఊరి చివర ఒక రైతు ఇల్లు. అత్త, కోడలు ఇద్దరే ఉండేవారు. కొడుకు దళంలో చేరి రెండేళ్లు దాటింది. కోడలు బయటికి రావడం మానేసిందని విని వెళ్లాను.

"దానికి కడుపుల గడ్డ లేసింది నర్సమ్మా. నాటుమందు ఇప్పిస్తున్నం. నువ్వు జూసే పని లేదు," అని అత్త గడపకడ్డం నిలబడింది.

గడ్డయితే తప్పకుండా చూడాలని లోపలికి పోయాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకొని ఉంది, ఇరవై ఏళ్లుంటాయేమో. కడుపు మీద చెయ్యి పెట్టాను. లోపలి బిడ్డ నా చేతిని తన్నింది. ఆరో నెల. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి కళ్లు మూసుకుంది.

నేను పుస్తకం తెరిచేసరికి అత్త నా కాళ్ల మీద పడింది. "రాయకు తల్లీ, నీ కాల్మొక్త. వాడు వచ్చిపోయిండని తెలిస్తే తొవ్వ కాసి చంపుతరు."

"ఇది దవాఖాన పుస్తకమమ్మా, పోలీసు పుస్తకం కాదు. దీన్ని నేను, డాక్టరు తప్ప ఎవరూ చూడరు," అన్నాను. నిజంగానే నమ్మి అన్నాను. ఆమె పేరు రాశాను. నెల రాశాను. భర్త గడిలో భర్త పేరు రాశాను. సిరా ఆరేదాకా ఊదాను కూడా.

నెల తిరగకముందే క్యాంపు అధికారి దవాఖానకు వచ్చాడు. ఉత్తరాది మనిషి, ఉర్దూ చక్కగా చదువుతాడు. ఊళ్లల్లో టీకాలు ఎట్లా నడుస్తున్నాయో చూస్తానన్నాడు. ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేశాను. అడగకముందే నా రిజిస్టరు కూడా తెచ్చి ముందుంచాను. ఒక్కో పేజీ తిప్పుతూ, ఇంత చక్కని రాత మా ఠాణాల్లో ఎవరికీ లేదన్నాడు. నేను పొంగిపోయాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. టీకాల లెక్క అనుకున్నాను. కొలువులో చేరే పిల్లల్ని నవ్వించడానికి నా తెలివితక్కువతనం చాలాసార్లు చెప్పాను గానీ, దీని గురించి ఎప్పుడూ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున దండోరా వేసి ఊరందరినీ బొడ్రాయి దగ్గరికి రమ్మన్నారు. నేను ఎప్పటిలాగే చంకలో పుస్తకంతో బయల్దేరి అక్కడ ఆగాను. తుపాకులు పట్టుకొని జవాన్లు చుట్టూ నిలబడ్డారు. నడుమ ఆ పిల్ల, పక్కన అత్త. అధికారి తన చిన్న పుస్తకంలోంచి ఆ పిల్ల పేరు, ఆమె భర్త పేరు, నెల చదివాడు. నేను రాసిన వరసలోనే చదివాడు. అప్పటిగ్గానీ నాకు తెలియలేదు.

ఆయన ఉర్దూలో అడుగుతుంటే ఊరి పట్వారీ తెలుగులో చెప్పాడు. "నీ మొగడు అడివి వట్టి రెండేండ్లు దాటె. మరి గీ కడుపు యాడికెల్లి వచ్చె? వాడు వచ్చిపోతున్నడన్నట్టే గదా. ఏ తొవ్వన వస్తడో, మల్ల ఎప్పుడొస్తడో చెప్పు. చెప్పకుంటే అత్తాకోడండ్లు ఇద్దరు క్యాంపుకు నడువుండ్రి."

ఆ పిల్ల తలెత్తి, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"ఆయన రాలే. రెండేండ్ల సంది ఆయన మొఖం నేను సూడలే. గీ కడుపు ఆయనది గాదు."

"మరి ఎవనిది?"

"సెప్ప. నరికినా సెప్ప."

గుంపులో ఎవరో గుసగుసలాడారు. ఎవరో పట్వారీకి చెప్పారు, పట్వారీ అధికారికి చెప్పాడు. ఈ ఊళ్లో ఆ రాయి ముట్టి ఎవరూ అబద్ధమాడరని. ముట్టి చెప్పమను అన్నాడు అధికారి.

ఏడో నెల కడుపుతో వంగలేక, ఒక చెయ్యి నేల మీద ఆనించి కూర్చుంది. రెండు చేతులూ బొడ్రాయి మీద పెట్టింది. పసుపు అరచేతులకంటింది. అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేకుండా మళ్లీ చెప్పింది.

అంతలో అత్త ముందుకొచ్చి ఆమె చెంప మీద ఫెడీమని కొట్టింది. "నా కొడుకు నెత్తిన మన్ను వోస్తివి గదనే!" అని నేల మీద పడి ఏడ్చింది. దెబ్బ అధికారి కోసం కొట్టిందని నాకు తెలుసు. ఏడుపు మాత్రం ఎవరి కోసమూ కాదు. జనంలో ఆడవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. ఒక పెద్దమనిషి ఉమ్మేశాడు. ఊరి తీరు చూసి అధికారికీ నమ్మకం కుదిరింది కాబోలు, పుస్తకం జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు.

ఇదంతా జరిగినంతసేపూ నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచి, నెలల లెక్క తప్పు రాశానని ఒక్క మాట అనొచ్చు. గడ్డనే కడుపనుకున్నానని అనొచ్చు. అనలేదు. భయమేసింది, అంతే. దానికి ఇంకే పేరూ పెట్టుకోలేను.

మధ్యాహ్నం అవ్వ కడవలతో నీళ్లు తెచ్చి బొడ్రాయిని కడుగుతూ కనిపించింది. దగ్గరికి పోయి, ఆమె అబద్ధమాడింది కదా, ఊరికేమైనా కీడా అవ్వా అని అడిగాను. నా వైపు చూడకుండానే అంది: "ముట్టి ఆడింది ఆమె. ఆడిపిచ్చింది నువ్వు."

గదికి పోయి ఆ పేజీ చింపి పొయ్యిలో పెట్టాను. ఇక ఎవరూ చూడరు అనుకున్నాను. సిరా ఒలికి పాడైందని డాక్టరుకు చెప్పాను, ఆయన నమ్మాడు.

రెండు నెలలకు ఆ పిల్లకు నొప్పులొచ్చాయి. ఊళ్లో ఎవరూ ఆ గడప తొక్కలేదు. అవ్వ, అత్త, నేను. మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. నేను మరగబెట్టిన దారం తీయబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. లోపలికి పోయి, కొడుకు తలకు చుట్టుకునే రుమాలు తెచ్చి, దాని అంచులోంచి ఒక పోగు లాగింది. తండ్రి బట్ట పోగుతోనే బొడ్డు కట్టాలి, అది వాళ్లింటి ఆనవాయితీ అట. వేరేవాళ్ల బిడ్డకైతే ఆ ముసలామె ఆ రుమాలు పెట్టెలోంచి తీసేది కాదు. ఆ పోగును మరుగునీళ్లలో వేసి, తీసి, నేనే కట్టాను. అవ్వ కత్తెరతో కోసింది.

పుట్టుక కాగితంలో తండ్రి పేరు గడి దగ్గర నా కలం ఆగింది. బాలింత చూసింది.

"బొడ్రాయి ముట్టి సెప్పిందే రాయి నర్సమ్మా. ఆయన పానం నిలవాలె. ఆయన తిరిగొచ్చినంక ఆయనే వచ్చి తన పేరు రాపిస్తడు."

తెలియదు అని రాశాను. నా ఉద్యోగంలో తెలిసి రాసిన మొదటి అబద్ధం అది.

ఇంకో రెండేళ్లకు సంఘం వాళ్లు పోరాటం ఆపేశారు. అడవుల్లో ఉన్నవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఊరు చేరారు. ఆయన రాలేదు. ఎక్కడ పోయాడో, ఎవరి చేతిలో పోయాడో ఎవరికీ తెలియదు. అప్పటికి నన్ను మహబూబ్‌నగర్ జిల్లాకు బదిలీ చేశారు. నిజం చెప్పాలంటే నేనే అడుక్కొని చేయించుకున్నాను. ఊళ్లూ దవాఖానలూ మారుతూ చివరికి కొల్లాపూర్ చేరాను.

అక్కడ కొలువు ఇంకో ఏడాదిలో ముగుస్తుందనగా, ఒకనాడు పొద్దున్నే ఒకామె వచ్చి బెంచీ మీద కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి. రోగులందరూ పోయేదాకా కదల్లేదు. ఏం కావాలమ్మా అంటే ఊరి పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది. నేను పుట్టించిన పిల్ల.

"మా అమ్మ సచ్చిపోయి నెలైంది," అంది. "మా నాయిన పాలోళ్లు ఒక్కలు గూడ పాడె ముట్టలే. మా ఆయన, ఆయన దోస్తులు మోసుకపోయిండ్రు."

మంచినీళ్లిచ్చాను. తాగి, మెల్లగా మొత్తం చెప్పింది. పోరాటం ఆగిపోయి, ఇక రాడని తెలిసిన తర్వాత, తల్లి పెద్దమనుషుల ముందు నిజం చెప్పిందట. అత్త కూడా అవునని చెప్పిందట, అవ్వ కూడా చెప్పిందట. ఎవరూ ఒప్పుకోలేదు. బొడ్రాయి ముట్టి చెప్పిన మాట మీద ఇంకో మాటేందన్నారట. ఆ రోజు ఆడింది అబద్ధమని ఒప్పుకుంటే ఊరి బొడ్డు మీదే అబద్ధమాడినట్టు, అది ఊరందరికీ తగిలే దోషం. దానికంటే ఒక ఆడమనిషి చెడిందని అనుకోవడమే వాళ్లకు సులువైంది. తర్వాత అత్త పోయింది, అవ్వ పోయింది. ఆ రోజు గుంపులో ఉన్న పెద్దవాళ్లూ పోయారు. వాళ్ల పిల్లలకు తెలిసింది ఆ ఒక్క మాటే.

"మా నాయిన జాగ కోసం గాదు నర్సమ్మా. నాకు జాగ అద్దు. సచ్చేముందు మా అమ్మ నీ పేరు సెప్పింది. నువ్వొక్కదానివే మిగిలినవు. మా అమ్మ ఆఖరికి సెప్పింది నిజమేనా? నేను మా నాయిన బిడ్డనేనా?"

"నిజమే బిడ్డా," అన్నాను.

"నీకెట్ల ఎరుక?"

రుమాలు పోగు సంగతి చెప్పాను. విని తలూపింది. అక్కడితో ఆగిపోవచ్చు, ఆమె ఇంకేమీ అడగలేదు కూడా. కానీ ముప్పై ఏళ్లు మోసింది ఇక మొయ్యలేకపోయాను. పుస్తకం గురించి చెప్పాను. కాళ్ల మీద పడ్డా వినకుండా రాసింది నేనేనని, కుర్చీ వేసి చూపించింది నేనేనని, మీ అమ్మ చేతులు ఆ రాయి మీద పెట్టించింది నేనేనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టింది. తర్వాత అడిగింది.

"అంటే, గా కాయితంల నా తల్లి పేరు పక్కన మా నాయిన పేరున్నదా?"

"ఉంది."

"గా కాయితం ఏడున్నది?"

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. ఈ లోకంలో ఆ బిడ్డకు ఆ తండ్రిని రాసి ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. రాసి ఆమె తల్లిని ముంచాను. కాల్చి ఆమెను ముంచాను.

"లేదు బిడ్డా. చింపి పొయ్యిల పెట్టిన," అన్నాను.

"ఎందుకు?"

"సిగ్గై."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను లేచి సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీశాను. కాల్చిన వరుస నాకు అక్షరం అక్షరం గుర్తుంది. దాన్ని ఈసారి తెలుగులో రాశాను. తల్లి పేరు, ఇల్లు, ఆరో నెల, భర్త పేరు. ఆ కాగితంలో పేర్లన్నీ ఉన్నాయి. ఇక్కడ రాయను, ఒకసారి రాసి చూశాను కదా. కింద నా సంతకం పెట్టి, హోదా రాసి, చేతికిచ్చాను. ఇది ఏ కచేరీలోనూ చెల్లదని చెప్పాను.

"నాకెరికే," అంది.

కూడబలుక్కుంటూ రెండుసార్లు చదువుకుంది. నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకొని, పైన కొంగు సర్దుకొని, బస్సు వేళయిందని లేచింది.